కిటికీ బయట నిలబడిన జెన్నిఫర్ కెండల్

నటి జెన్నిఫర్ కెండల్‌ను నేను మొదట చూసింది ముసలామెగానే. 1984 జనవరి అది. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఆఫీసులో ఒక అక్కయ్య ఫిల్మ్ సొసైటీలో సభ్యురాలు. "ఈ ఆదివారం మంచి సినిమా ఉంది, నువ్వూ రా" అని వెంటబెట్టుకుని వెళ్లింది. అది సినిమా హాలు కాదు, మేడమీద పెద్ద గది. మడత కుర్చీలు, గోడకు కట్టిన తెల్లటి తెర, మా వెనకాల టకటకలాడే చిన్న ప్రొజెక్టరు. రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఇంకో రీలు ఎక్కించేదాకా అందరూ కబుర్లలో పడేవాళ్లు. ఆ రోజు చివరి రీలు ఎక్కించేటప్పటికి నాకు మాట పెగలడం లేదు.

సినిమా పేరు '36 చౌరంగీ లేన్'. నటిగా పేరు తెచ్చుకున్న అపర్ణా సేన్ తొలిసారి దర్శకత్వం చేసిన సినిమా, 1981లో వచ్చింది. కలకత్తాలో పాతకాలపు మేడలో ఒంటరిగా ఉండే ఆంగ్లో ఇండియన్ టీచరు వయొలెట్ స్టోన్‌హామ్ కథ. ఆ పాత్ర జెన్నిఫర్‌ది. బళ్లో షేక్‌స్పియర్ చెబుతుంది. ఇంట్లో సర్ టోబీ అనే పిల్లి. వృద్ధాశ్రమంలో మతి నిలకడలేని అన్న ఎడ్డీ. అన్నను చూడటానికి వెళ్లడం, మేనకోడలికి ఉత్తరాలు రాయడం, పిల్లికి పాలు పోయడం, ఇంతే ఆవిడ లోకం. ఒకరోజు పాత విద్యార్థిని నందిత ఎదురుపడుతుంది, పక్కన ప్రేమికుడు సమరేశ్. వాళ్లు కలుసుకోవడానికి చోటు లేక, అతను రచన చేసుకోవడానికి ప్రశాంతమైన గది కావాలని ఈవిడ ఇల్లు అడుగుతారు. ఈవిడ బడికి వెళ్లే వేళల్లో ఆ ఇల్లు వాళ్లది. సాయంత్రం ఇంటికి తిరిగొస్తే ఇద్దరు మనుషులు ఎదురు చూస్తున్నారన్న సంతోషం మాత్రం ఈవిడది. తర్వాత వాళ్లకు పెళ్లయింది, సొంత ఇల్లు ఏర్పడింది, ఈవిడ అవసరం తీరిపోయింది.

క్రిస్మస్ రోజున తన చేత్తో కేకు చేసుకుని వాళ్లింటికి వెళుతుంది. ఊళ్లో ఉండబోమని చెప్పారు కదా, అక్కడ పెట్టి వద్దామనుకుంటుంది. వెళ్లి చూస్తే ఇంటినిండా దీపాలు, పాటలు, నవ్వులు. కిటికీలోంచి లోపలికి చూస్తూ నిలబడిపోతుంది. ఆ ముఖాన్ని నలభై ఏళ్లుగా మోస్తున్నాను. ఏడవదు. కోపం తెచ్చుకోదు. తప్పు గదిలోకి వచ్చినందుకు సిగ్గుపడే మనిషిలా ఒక్క క్షణం కళ్లు దించుకుంటుంది, అంతే. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద ఒక వీధికుక్కను తోడు తీసుకుని, కూతుళ్ల చేతిలో మోసపోయిన లియర్ రాజు మాటలు చెప్పుకుంటూ నడిచిపోతుంది.

దీపాలు వెలిగాక అక్కయ్య నా చేయి పట్టుకుని, "ఈవిడ శశి కపూర్ భార్య తెలుసా? ఇంకా యాభై కూడా నిండలేదట ఇది తీసేనాటికి" అంది. నేను నమ్మలేదు. నేను చూసింది ఎవరి భార్యనూ కాదు. మా మిస్‌ను చూశాను.

మాది రైల్వే కుటుంబం. నాన్నగారు గార్డు. సికింద్రాబాద్‌లో లాలాగూడ రైల్వే కాలనీలో పెరిగాను. ఆ రోజుల్లో మా వీధిలో ఆంగ్లో ఇండియన్ ఇళ్లు చాలా ఉండేవి. డ్రైవర్లు, ఫిట్టర్లు, గార్డులు, నర్సులు, టీచర్లు. డిసెంబరు వచ్చిందంటే ఆ ఇళ్లలోంచి వచ్చే వెన్న, జాజికాయ వాసన మా పెరట్లోకి వచ్చేది. మాకు ఇంగ్లిష్ చెప్పిన మిస్ ఆ వీధి చివర ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. బంధువులు ఒక్కొక్కరే ఆస్ట్రేలియా వెళ్లిపోయారు, ఆవిడ వెళ్లలేదు. 'ది' ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నాకు వచ్చిందంటే ఆవిడ చలవే. బ్యాంకు పరీక్ష పాసైనప్పుడు స్వీట్లు పట్టుకుని మొదట వెళ్లింది ఆవిడ దగ్గరికే. "ఈసారి క్రిస్మస్‌కు తప్పకుండా వస్తాను మిస్" అని మాటిచ్చాను. క్రిస్మస్ వచ్చింది. ఆఫీసు స్నేహితులతో గోల్కొండ వెళ్లాను.

సినిమా చూసింది దానికి సరిగ్గా రెండు వారాల తర్వాత. నందిత ముఖంలో నన్ను నేను చూసుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం పొద్దున్నే లాలాగూడ వెళ్లాను. తలుపు తీసిన మిస్, తరగతిలో ఆలస్యంగా వచ్చిన పిల్లలతో అనే మాటే అన్నారు. "ఆలస్యమైంది. కూర్చో." టీ పెట్టారు. అలమారలోంచి రేకు డబ్బా తీసి, కాగితంలో చుట్టి ఉంచిన ఒకే ఒక్క కేకు ముక్క నా ముందు పెట్టారు. మూడు వారాలుగా అది నా కోసం ఉంది.

సినిమా సంగతి చెప్పాను. ఎవరు వేశారని అడిగారు. కెండల్ అనగానే చెంచా కింద పెట్టి, "కెండల్ వాళ్లమ్మాయా?" అన్నారు. మిస్ యవ్వనంలో నీలగిరుల్లో ఒక బోర్డింగ్ స్కూల్లో పనిచేశారు. అక్కడికి కెండల్ వాళ్ల నాటకాల బృందం వచ్చిందట. భోజనాల హాలులో బల్లలు పక్కకు జరిపి నాటకం ఆడారట. షేక్‌స్పియర్ నాటకంలో వడ్డీ వ్యాపారి షైలాక్ వేషం వేసిన తండ్రి కెండల్ కత్తి నూరుతుంటే వెనక వరసలో చిన్న పిల్లలు బెంచీల కిందకు దూరారట. "మరి ఆ అమ్మాయి?" అన్నాను. మిస్ చాలాసేపు ఆలోచించారు. "గుర్తులేదు" అన్నారు, బాధగా.

ఆ రోజు నుంచీ జెన్నిఫర్ గురించి ఎక్కడ ఏ ముక్క కనబడినా కత్తిరించి దాచుకోవడం మొదలుపెట్టాను. పాత అట్టపెట్టెలో అవన్నీ ఇప్పటికీ ఉన్నాయి.

ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో 1930ల తొలి సంవత్సరాల్లో పుట్టారు. తండ్రి జెఫ్రీ కెండల్, తల్లి లారా లిడెల్, ఇద్దరూ రంగస్థల నటులు. జెఫ్రీ అసలు ఇంటిపేరు బ్రాగ్. పుట్టిన ఊరు కెండల్‌ను పేరుగా పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు నాటకాలు ఆడి చూపే బృందంతో ఈ దంపతులు మన దేశానికి వచ్చారు. ఈ నేల వాళ్లను వదల్లేదు. యుద్ధం అయిపోయాక 'షేక్‌స్పియరానా' అనే సొంత బృందంతో తిరిగొచ్చి, రైళ్లలో ట్రంకు పెట్టెలతో దేశమంతా తిరిగారు. రాజుల కోటల్లో ఆడారు, కాన్వెంటు బళ్లలో ఆడారు, డబ్బులిచ్చే చోటా ఇవ్వలేని చోటా ఆడారు. తర్వాత బెంగాలీ రంగస్థలాన్ని ఏలిన ఉత్పల్ దత్ కూడా వయసులో ఉన్నప్పుడు ఆ బృందంలో పనిచేసినవారే. జెన్నిఫర్ ఆ బృందంలో కథానాయిక. చెల్లెలు ఫెలిసిటీ అక్కడే పెరిగి, తర్వాత లండన్ నాటకరంగంలో, టెలివిజన్‌లో చాలా పెద్ద పేరు తెచ్చుకుంది.

ఈ బృందం కథ చదివినప్పుడల్లా నాకు మన సురభి వాళ్లు గుర్తొస్తారు. చిన్నప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో నాన్నగారు నన్ను సురభి నాటకానికి తీసుకెళ్లారు. పొద్దున చంకలో బిడ్డతో టికెట్లు చింపిన మనిషే రాత్రి రంగస్థలం మీద మాయాబజారు శశిరేఖ. కుటుంబమే నాటకం, నాటకమే కుటుంబం. అలాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఆ ఇంటిని వదిలి వెళ్లడమంటే ఏమిటో మన సురభి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

జెన్నిఫర్ వదిలి వెళ్లారు. దానికి మొదలు 1956లో, కలకత్తాలో. పృథ్వీరాజ్ కపూర్ బృందం అక్కడ నాటకాలు ఆడుతోంది. చిన్న కొడుకు శశికి పద్దెనిమిదేళ్లు. నాటకానికి ముందు తెర సందులోంచి ఎంతమంది వచ్చారో చూడబోయి, జనంలో కూర్చున్న జెన్నిఫర్‌ను చూశాడు. ఈ కథ అందరికీ తెలిసిందే. ఆమె అతనికంటే నాలుగైదేళ్లు పెద్ద. ఆ తర్వాత అతను ఆమె నాటకం చూడటానికి వెళితే ఆమె మిరాండా వేషంలో ఉంది. తుపానుకు ఒడ్డున పడ్డ యువరాజును చూసి మనుషులు ఇంత అందంగా ఉంటారా అని విస్తుపోయే పిల్ల పాత్ర అది. కొన్నాళ్లు శశి కూడా కెండల్ బృందంలో చేరి వేషాలు వేశాడు. జెఫ్రీకి ఈ ప్రేమ మింగుడుపడలేదు. అల్లుడు భారతీయుడైనందుకు అని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం, ఆయన పోగొట్టుకున్నది కూతురి కంటే ఎక్కువగా తన కథానాయికను అనిపిస్తుంది. 1958 జూలైలో పెళ్లయింది. బొంబాయిలో కాపురం. కునాల్, కరణ్, సంజన, ముగ్గురు పిల్లలు.

తర్వాత చాలా ఏళ్లు తెరమీద ఆమె జాడ పెద్దగా లేదు. శశి కపూర్ రోజుకు రెండు మూడు షిఫ్టుల్లో సినిమాలు చేస్తున్న కాలం. నిర్మాత మర్చెంట్, దర్శకుడు ఐవరీ జంట 1970లో తీసిన 'బాంబే టాకీ'లో మాత్రం ఆమె నాయిక. హిందీ సినిమా హీరోతో ప్రేమలో పడి, తననూ చుట్టుపక్కల వాళ్లనూ నాశనం చేసుకునే ఇంగ్లిష్ నవలా రచయిత్రి పాత్ర. హీరో శశి కపూర్. ఆ హీరో భార్యగా, ఆ రచయిత్రి వల్ల దగా పడే అమాయకురాలిగా వేసింది అపర్ణా సేన్. కొన్నేళ్ల తర్వాత అదే అపర్ణ కథ రాసుకుని జెన్నిఫర్ దగ్గరికి వచ్చింది. ఒకరి నటనను మరొకరు దగ్గరగా చూసినవాళ్ల మధ్యే ఇలాంటి నమ్మకం పుడుతుంది.

మధ్యలో 'జునూన్' ఉంది. మన తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ తీసింది. నిర్మాత శశి కపూర్. 1857 తిరుగుబాటులో చర్చి మీద దాడి జరిగి భర్త చనిపోతే, తల్లినీ కూతుర్నీ వెంటేసుకుని ప్రాణాలు దక్కించుకునే మరియం లబదూర్ పాత్ర జెన్నిఫర్‌ది. ఆమె తల్లిగా వేసింది ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్. పఠాన్ జావేద్ ఖాన్ మరియం కూతుర్ని పెళ్లి చేసుకుంటానని పట్టుబడతాడు. కాదంటే చంపగలడు, ఆశ్రయం ఇచ్చింది అతనే. అప్పుడు మరియం, ఢిల్లీ మీ తిరుగుబాటుదార్ల చేతిలో నిలిస్తే పిల్లనిస్తాను, ఇంగ్లిష్ వాళ్ల వశమైతే ఆశ వదులుకో అని షరతు పెడుతుంది. చేతిలో కత్తి లేదు, వెనక మగదిక్కు లేదు. తల మీద దుపట్టా, నిలకడైన గొంతు, ఇంతే ఆయుధాలు. నేను బిడ్డ తల్లినయ్యాక ఆ సన్నివేశం మళ్లీ చూశాను. ఆమె కళ్లలో భయం ఉందని అప్పుడుగాని కనిపెట్టలేకపోయాను. జావేద్‌కు కనబడకుండా మనకు మాత్రమే కనబడేలా దాచుకుంది.

1987లో నాకు బొంబాయి బదిలీ అయింది. వెళ్లిన నెలలోపే జుహూలో పృథ్వీ థియేటర్ వెతుక్కుంటూ వెళ్లాను. పృథ్వీరాజ్ కపూర్‌కు సొంత నాటకశాల కట్టాలని కోరిక, అది తీరకుండానే 1972లో పోయారు. తర్వాత దాన్ని శశి, జెన్నిఫర్ కలిసి కట్టించారు. 1978 నవంబరు 5న తలుపులు తెరుచుకున్నాయి. శశి పగలంతా స్టూడియోల్లో ఉంటే ఆ థియేటర్ బాధ్యత జెన్నిఫర్ భుజాల మీద ఉండేది. నేను లోపలికి వెళ్లేసరికి సమయం అయిపోవస్తోంది. ఇలా అడుగుపెట్టానో లేదో వెనక తలుపు మూసేశారు. అక్కడ నాటకం చెప్పిన వేళకు మొదలవుతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎంతటివాళ్లయినా బయటే. మెట్లమీద సర్దుకుని కూర్చుంటూ, లాలాగూడలో మా మిస్ గొంతు విన్నట్టనిపించి ఉలిక్కిపడ్డాను.

పట్టుమని రెండు వందల సీట్లు. రంగస్థలానికి మూడు వైపులా జనం. ముందు వరసలో కూర్చుంటే నటుడి చెమట చుక్క కనబడుతుంది, మైకు అక్కర్లేదు, గుసగుస చివరి వరసదాకా వినబడుతుంది. బళ్ల భోజనశాలల్లో బల్లలు జరిపి ఆడిన మనిషికే ఇలాంటి నాటకశాల కావాలని తెలుస్తుంది. మహా సౌధం కట్టే స్తోమత లేక చిన్నది కట్టారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది ఆమె పెరిగిన పద్ధతి. బొంబాయిలో ఉన్న మూడేళ్లూ జీతం రాగానే మొదటి ఖర్చు ఆ టికెట్టే. మరాఠీ అర్థం కాకపోయినా మరాఠీ నాటకాలు చూశాను. ఏటా ఫిబ్రవరి 28న, ఆమె పుట్టినరోజున, జాకిర్ హుస్సేన్ అక్కడ తబలా వాయించేవారు. చాలా ఏళ్లు ఆ మాట తప్పలేదాయన. ఆ ఒక్కరోజుకు నాకు టికెట్టు ఎప్పుడూ దొరకలేదు.

నాకు తీరని బాధ ఇంకొకటి ఉంది. 'హీట్ అండ్ డస్ట్' సినిమా చాలా భాగం మన హైదరాబాద్‌లోనే తీశారు. 1983లో విడుదలైంది. శశి కపూర్ నవాబు. బిడ్డను పోగొట్టుకుని మనసు చెదిరిన డాక్టరు భార్య మిసెస్ సాండర్స్‌గా జెన్నిఫర్. షూటింగు జరిగిన రోజుల్లో నేను అదే ఊళ్లో డిగ్రీ చదువుతున్నాను. ఎవరో శశి కపూర్ వచ్చాడట అంటే నవ్వి ఊరుకున్నాను. ఆమె ఎవరో అప్పటికి నాకు తెలియదు కదా.

1984 సెప్టెంబరు 7న లండన్‌లో కన్నుమూశారు. కాన్సర్. నేను ఆమెను తెరమీద చూసి ఎనిమిది నెలలైంది. '36 చౌరంగీ లేన్'కు బ్రిటిష్ అకాడమీ ఉత్తమ నటి పోటీలో నిలిచారు, ఆ ఏడాది బహుమతి కాథరీన్ హెప్‌బర్న్‌కు వెళ్లింది. లండన్ ఈవినింగ్ స్టాండర్డ్ వాళ్లు మాత్రం ఆమెనే ఉత్తమ నటి అన్నారు. అంత పేరు వచ్చాక చేసింది గుప్పెడు పాత్రలు. సత్యజిత్ రాయ్ 'ఘరే బైరే'లో జమీందారు ఇల్లాలికి ఇంగ్లిష్, పియానో నేర్పే మిస్ గిల్బీ వాటిలో ఒకటి. తెరమీద ఉండేది కాసేపే. మన థియేటర్లలోకి ఆ సినిమా వచ్చేనాటికి ఆమె లేరు. శశి మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 2015లో ఆయనకు ఫాల్కే పురస్కారాన్ని చక్రాల కుర్చీలో ఉండగా ఆ పృథ్వీ థియేటర్‌లోనే అందించారు. టీవీలో అది చూస్తూ నేను ఆయన వెనకనున్న గోడలనే చూశాను.

అంత బాగా ముసలితనాన్ని నటించిన మనిషికి ముసలితనం రాలేదు. ఈమధ్య మా అమ్మాయి ఫోనులో ఆ సినిమా పెట్టి ఇచ్చింది. నాకిప్పుడు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. లిఫ్టు పనిచేయక వయొలెట్ మెట్లెక్కే చోట ఆపి చూశాను. ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తుంది. ఆయాసాన్ని నోటితో చూపించదు, భుజాల్లో దాచుకుంటుంది. చేతిసంచీని ఒళ్లోకి లాక్కుంటుంది. మా ఇంటి మెట్లమీద నేనూ ఇప్పుడు అలాగే ఎక్కుతున్నాను. యాభై నిండని మనిషికి ఇది ఎలా తెలిసిందో.

బొంబాయిలో ఉన్నప్పుడు మిస్‌కు నెలకో ఉత్తరం రాసేదాన్ని. నా ఇంగ్లిష్ ఆవిడకు చూపించాలంటే భయమే అయినా ఇంగ్లిష్‌లోనే రాసేదాన్ని. పృథ్వీ థియేటర్ మెట్లు, మూసేసిన తలుపు, మూడు వైపులా జనం, అన్నీ రాశాను. సినిమాను ఆవిడ ఎప్పటికీ చూడలేదు, మోకాళ్లు సహకరించక హాలుకు వెళ్లేవారు కాదు. కథంతా నేనే ఉత్తరాల్లో విడతలు విడతలుగా చెప్పాను. కిటికీ సన్నివేశం రాయడానికి మాత్రం నాకు నాలుగు నెలలు పట్టింది. రాసి, మీరు దాచి ఉంచిన కేకు ముక్క గుర్తొచ్చింది, క్షమించండి మిస్ అని చివర చేర్చాను.

జవాబు రెండు వారాలకు వచ్చింది. క్షమాపణ గురించి ఒక్క మాట లేదు. పిల్లికి సర్ టోబీ అని పేరు పెట్టడం తనకు చాలా నచ్చిందని మొదలుపెట్టి, ఆ పేరు ఏ నాటకంలోది, ఆ సర్ టోబీ ఎంత తాగుబోతు, అయినా అతన్ని మనం ఎందుకు ప్రేమిస్తాం అని రెండు పేజీలు తరగతిలో చెప్పినట్టే రాశారు. దానితో పాటు నా ఉత్తరాన్ని కూడా మడిచి వెనక్కి పంపారు. తొమ్మిది చోట్ల ఎర్రసిరాతో దిద్ది ఉంది.